లక్కయిండ్లలో దీపావళి

దీపావళి సమీపించినతోడనే మనలో ఏటేట ఒక వివాదము బయలుదేరును. బాణసంచా కాల్చవలెనని కొందరును, కూడదని కొందరును వాదింతురు. ఒకరు ధర్మమును సాక్ష్యమునకు పిలుతురు. మరియొకరు గాలిని పిలుతురు. ఈ యుభయులలో ఎవ్వరును తమ యింటి మెట్లక్రింద ఏమున్నదో చూచి వచ్చినట్లు మాకు తోపదు. పండుగనాటి అగ్నిప్రమాదము పండుగనాడు పుట్టునది కాదు. మనము ముందుగా ఇంట చేర్చిన సరకులోను, మూసివేసిన త్రోవలోను అది పుట్టియే యుండును. నిప్పురవ్వ కడపటి నిమిత్తము మాత్రమే.

దీనికి నిదర్శనములు హైదరాబాదులోనే కలవు. 2023 నవంబరు 13వ తేదీన, దీపావళి మరునాటి ఉదయమున, నాంపల్లి బజార్‌ఘాటులో ఒక అపార్టుమెంటు తగులబడి 9 మంది ప్రాణములు పోయినవి. ఆ కట్టడపు క్రింది భాగమున రసాయనముల డ్రమ్ములు నిలువయుండెను. మంట క్రింద పుట్టినను పొగ పై అంతస్తులకెక్కి అచ్చటివారి ఊపిరి తీసెను. 2024 అక్టోబరు 28న యాకుత్‌పురాలో ఇంట నిలువయుంచిన బాణసంచా అంటుకొని దంపతులిరువురు మరణించిరి. పిండివంటలు చేయుచుండగా రవ్వ పడినదని పత్రికలు వ్రాసినవి. 2025 మే 18న చార్మినారునకు చేరువను గుల్జార్ హౌజ్‌లో 17 మంది మృతినొందిరి. వారిలో 8 మంది పిల్లలు. అది దీపావళి కాదు గాని, అచ్చట పైవారు దిగుటకు మిక్కిలి ఇరుకైన మెట్లదారి తప్ప వేరు త్రోవ లేకపోయెను. మూడుచోట్లను నిప్పు పుట్టిన విధము వేరు. నిప్పును చావుగా మార్చినది మాత్రము నిలువ సరకో, ఇరుకు దారియో.

ఇవి సందుగొందులలోని కథలు, మావి విశాలమైన వీథులని జూబిలీ హిల్స్‌వారును ఫిల్మ్ నగర్‌వారును ధైర్యపడవచ్చును. తెలుగు చలనచిత్రమునకు కాపురమైన ఈ కొండమీది మేడలు చూడముచ్చటైనవే. కాని వాని అందమును చూచినవారు ఒక్కసారి సెల్లారులోనికి దిగుదురు గాక. పెట్రోలు నింపిన కార్లు, మీటర్ల పెట్టెలు, విరిగిన సోఫాలు, అట్టపెట్టెలు, పండుగ నెలలో పిల్లలకై తెచ్చిన టపాకాయల మూటలు అచ్చట కనబడును. ఒక మూలను చిన్న గది యుండును. పాలమూరునుండియో, శ్రీకాకుళమునుండియో వచ్చిన వాచ్‌మన్ భార్యాబిడ్డలతో అందులో కాపురముండును. వారి వంటయు, నిద్రయు, పిల్లల చదువును ఆ గదిలోనే. దాని యొక్క తలుపు వాహనముల నడుమకే తెరచుకొనును. మీద దొంగలకు వెరచి డాబా తలుపునకు తాళము, కిటికీలకు ఇనుప గ్రిల్లులు. ఇది అన్ని ఇండ్ల స్థితియనుట లేదు. కాని ఇట్టి ఇండ్లు లేవని ఎవ్వరును అనజాలరు.

భారతములోని లక్కయింటి కథ మనమెరుగనిది కాదు. వారణావతమున ఆ యిల్లు చొచ్చినప్పుడే ధర్మరాజు నేతివాసనను, లక్కవాసనను పసికట్టెను. విదురుడు పంపిన త్రవ్వకపువాడు సొరంగము త్రవ్వెను. పాండవులు బ్రతికినది పరాక్రమముచేత కాదు, వాసన చూచుటచేతను, దారి త్రవ్వించుకొనుటచేతను. అయినను ఆ రాత్రి ఆ యిల్లు వట్టిగా కాలలేదు. కుంతీదేవి చేసిన సంతర్పణకు వచ్చిన నిషాదస్త్రీ ఒకతె తన యైదుగురు కొడుకులతో అచ్చటనే నిద్రించి బూడిదయయ్యెను. ఆమె పేరు వ్యాసుడును చెప్పలేదు. ఊరివారు ఆ యారు శవములను చూచి పాండవులకై యేడ్చిరి గాని ఆమెకై యేడ్చినవారు లేరు. మన సెల్లారులోని కుటుంబము ఆ నిషాదకుటుంబమే. భేదమొక్కటి కలదు: మనకు పైవారికి గూడ సొరంగము లేదు.

శాసనములు లేకపోలేదు. 2008నాటి ప్రేలుడుపదార్థముల నియమముల ప్రకారము బాణసంచా అమ్ము తాత్కాలికపు కొట్టు మండని వస్తువులతో కట్టబడవలెను. కొట్టునకు కొట్టునకు నడుమ 3 మీటర్లైనను ఎడముండవలెను. లోపల నూనెదీపము పెట్టరాదు. రాత్రి 8 మొదలు 10 గంటలవరకే దీపావళినాడు కాల్చవలెనని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న తీర్పు చెప్పినది. అమ్మువానికి ఇన్ని కట్టుబాట్లుండగా, కొన్నవాడు అదే సరకును వాచ్‌మన్ పొయ్యికి నాలుగడుగుల దూరమున పడవేయవచ్చునా? బాణసంచామందులో మండుటకు వలయు ప్రాణవాయువు నిచ్చు లవణములు కలిసియే యుండును. కావున పోగు పడిన సరకు అంటుకొన్నచో గోనె కప్పి ఆర్పవచ్చుననుకొనుట భ్రమ.

చలనచిత్రములవారికి ఈ సంగతి ఇతరులకంటె బాగుగా తెలియవలెను. 2017 నవంబరు 13న అన్నపూర్ణ స్టూడియోస్‌లో ‘మనం’ చిత్రపు సెట్టు కాలినప్పుడు నగరమంతయు చెప్పుకొన్నది. సెట్టులో ఎవరును కాపురముండరు. తెరకై ఇల్లు తగులబెట్టవలసినప్పుడు నీరును, ఇసుకను, బయటపడు దారిని ముందుగా చూచుకొనుట ఆ వృత్తిలో తెలిసిన జాగ్రత్తయే. కల్పితమైన మంటకు చూపు శ్రద్ధ కాపురపుటింటికి చూపరాదా?

పండుగను నిందించుచున్నామని కొందరందురు. మేము దీపమును నిందించుట లేదు. దీపముక్రింది చెత్తను నిందించుచున్నాము. సెల్లారు తప్ప చోటు లేదని మరికొందరందురు. ఇంటికి మూడు కార్లకు చోటు దొరకినవారికి ఒక కుటుంబమునకు గాలియు, రెండవ తలుపును దొరకలేదనుట నమ్మదగిన మాట కాదు. వాచ్‌మన్ జాగ్రత్తపరుడని ఇంకొందరందురు. మనము చేర్చిన మందును అతని జాగ్రత్తకు ఒప్పగించుట ఏమి న్యాయము?

చేయవలసినవి కష్టమైనవి కావు. నివాసుల సంఘములు సీరియల్ బల్బులకును మిఠాయిలకును చందా వేయుటకు ముందే మెట్లను, సెల్లారును ఖాళీచేయింపవలెను. బాణసంచా ఏనాటిది ఆనాడే కొని, ఆరుబయట ఒకచోట కాల్చి, చల్లారిన పుల్లలను నీటి బక్కెటులో వేయవలెను. ఒకే ప్లగ్గునకు పది తీగెలు తగిలింపరాదు. ప్రమిదలు తెరలకు దూరముగా నుండవలెను. డాబా తలుపు లోపలినుండి తాళపుచెవి లేకయే తెరచుకొనునట్లుండవలెను. వాచ్‌మన్ కుటుంబమునకు వాహనముల నడుమనుండి కాక నేరుగా బయటికి పోవు ద్వారముగల గది ఈయవలెను. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట మనకు సామెతగా మిగిలిన చాలును, ఆచారము కానక్కరలేదు.

ఇందులకు ప్రభుత్వపుటుత్తరువుకై వేచియుండనేల? చదువరులారా, నరకచతుర్దశికి వారము ముందు మీ సెల్లారునకు దిగి, ధర్మరాజువలె ఒక్కసారి వాసన చూడుడు.