ఒక కంటికి సున్నం

రెండు సిలిండర్ల మోటారుసైకిళ్లు మన దేశంలో ఎప్పుడూ తక్కువే. వున్నవాళ్లు మాత్రం దాన్ని బండి అనరు, ఇంటి మనిషి అంటారు. ఎస్కార్ట్స్ కంపెనీ వారు జపాను యమహా ఆర్.డి. 350 నమూనాలో 1983 నుంచి తయారుచేసిన రాజదూత్ 350 అటువంటిదే. 347 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు, దేనికి దానికే ఒక కార్బురేటరు, ఆరు గేర్లు. పెట్రోలు తాగడంలో దాని సామర్థ్యం చూసి ఆనాటి గృహస్థులు జడుసుకున్నారు. పదేళ్లు తిరగకుండానే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని దక్కించుకున్నవాళ్లు దేవుడి గూటిలో పెట్టినంత పదిలంగా చూసుకుంటున్నారు.

మా మేనల్లుడికి వాళ్ల నాన్నగారి నుంచి సంక్రమించిన ఆస్తిలో ఈ బండి ఒకటి. మొన్న భార్యను వెనక ఎక్కించుకుని విజయనగరం నుంచి మా రామతీర్థం వచ్చాడు. దూరం సుమారు 12 కిలోమీటర్లు. బోధికొండ కింద మా వీధిలోకి వచ్చి యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను దిగదే! చెప్పిన మాట వినని పిల్లవాడిలా అరుస్తూనే వున్నది. కొంతసేపటికి దిగింది, మళ్లీ లేచింది.

"ఇదంతా ఈ కొత్త పెట్రోలు మహిమ మావయ్యా. ఇథనాలు కలిపి మా బళ్ల నోట్లో మట్టికొట్టారు," అన్నాడు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2025 నాటికి మన బంకుల్లో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాలు తనతోపాటు కొంత ప్రాణవాయువును తెచ్చుకుంటుంది. అందుచేత పాత జెట్టుతో నడిచే కార్బురేటరు బండిలో పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు ఎక్కువైనట్టవుతుంది. పాత బళ్ల రబ్బరు సామాన్లు కొన్నిటికి అది పడదు కూడాను. కాని నేనొకటే అడిగాను: "ఒరే, రెండు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకులోది గదా? తప్పు పెట్రోలుదైతే రెండూ ఒకేలా గోల పెట్టాలి. నీ బండి ఎడమవైపే ఎందుకు తేడాగా కొడుతున్నది?"

వాడు చెవి వొగ్గి విన్నాడు. నిజమే, కుడిగొట్టం దరువు నిలకడగా వుంది, ఎడమది తడబడుతున్నది.

పెట్రోలు పూర్తిగా మండాలంటే తూకంలో ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి అంతకు మించితే ఇంజను ఆగిపోతుందనుకుంటారు చాలామంది. ఆగిపోతే మంచిదే! ఆగదు. ఇంకా హుషారుగా పరుగెడుతున్నట్టుంటుంది. లోపల మాత్రం పిస్టను కాగిపోతుంది. ఇటువంటి రెండు స్ట్రోకుల ఇంజనులో లోపలికి వచ్చే తడి మిశ్రమమే పిస్టనుకు చలువ. అది పలచబడితే పిస్టను ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. ఆ క్షణంలో క్లచ్చి పట్టుకోకపోతే వెనక చక్రం బిగుసుకుపోతుంది.

వాళ్లిద్దరూ ఆ సాయంత్రం అదే బండి మీద పాలకొండ వెళ్లాలని వచ్చారు. వెళ్లనివ్వనన్నాను. మేనల్లుడు ముఖం మాడ్చుకున్నాడు. వాడి భార్య మాత్రం "ఈ బండి మీద వున్న బెంగలో వీసమెత్తు నా మీద వుంటే బాగుండును బాబయ్యగారూ," అని నవ్వి, ఆటోలో నెల్లిమర్ల పోయి అక్కడ బస్సు ఎక్కింది.

పొగగొట్టాల వేడిని బట్టి జబ్బు చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ విద్య మీద నమ్మకం లేదు. పదిమైళ్లు నడిచిన బండికి రెండు గొట్టాలూ చేతులు కాల్చేవే. ప్లగ్గులు చెప్పినంత నిజం మరేదీ చెప్పదు. రెండు కొత్త ప్లగ్గులు బిగించి, నెల్లిమర్ల రోడ్డు మీద మేనల్లుణ్ణి ఒక్కణ్ణే పంపాను. శివరాత్రి జాతరకు కిటకిటలాడే ఆ రోడ్డు మామూలు రోజుల్లో ఖాళీగానే వుంటుంది. ఒకే వేగంతో కొంతదూరం పోయి, క్లచ్చి పట్టి, ఇంజను కట్టేసి, బండిని ఊరికే దొర్లించి ఆపాలి. నెమ్మదిగా ఇంటికి తెస్తే ప్లగ్గు మీద రంగు మారిపోతుంది. అందుకని అక్కడే విప్పి, ఏది ఏ వైపుదో గుర్తుపెట్టుకుని, జేబులో వేసుకు రమ్మన్నాను.

కుడిది వేయించిన వేరుశెనగ పప్పు పొట్టు రంగు. ఆరోగ్యానికి అదీ గుర్తు. ఎడమది సున్నం కొట్టిన గోడ! రెండిటినీ అటూ ఇటూ మార్చి మళ్లీ పంపాను. ఎడమకు వెళ్లినది తెల్లబడి వచ్చింది. అంటే తప్పు ప్లగ్గుది కాదు, ఆ వైపుది.

విజయనగరంలో ఒక షెడ్డులో ఈ జబ్బుకే ఎడమవైపు పెద్ద జెట్టు వేయమని సలహా చెప్పారట. నాకు ఒళ్లు మండింది. పక్కన చెక్కుచెదరని సిలిండరు సాక్ష్యం చెబుతుంటే, అదే కొలత జెట్టు దానికి సరిపోతుంటే, దీనికి ఎందుకు చాలదో కనుక్కోవద్దూ?

ఇంజను చల్లారాక పెట్రోలు గొట్టాలు విప్పి సీసాలో పట్టాము. రెండువైపులా ధార ఒకటే. జెట్లు విప్పి వెలుగుకెదురుగా చూస్తే రంధ్రాలు శుభ్రంగా వున్నాయి. యాక్సిలరేటరు తిప్పుతూ రెండు కార్బురేటర్లలోనూ వేలుపెట్టి చూస్తే లోపలి తలుపులు ఒక్కసారే లేస్తున్నాయి. ఇక మిగిలింది కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య రబ్బరు జాయింటు. పైనుంచి చూస్తే నున్నగా నిగనిగలాడుతున్నది. వేలితో నొక్కి అడుగున చిన్న అద్దం పెట్టి చూస్తే, వేసవిలో చెరువు అడుగులా పగుళ్లు!

కొందరు అక్కడ పెట్రోలు చల్లి పరీక్షిస్తారు. వేడి ఇంజను మీద అది కొరివితో తల గోక్కోవడమే. మేము చిటికెడు గ్రీజు మెత్తి ఇంజను తీశాము. అరుపు చల్లగా దిగి నిలిచింది. గాలి దొంగదారి దొరికింది. యాక్సిలరేటరు మూసినప్పుడు లోపలి పీల్పు ఎక్కువ, అప్పుడే ఈ దొంగగాలి ఎక్కువ అల్లరి చేస్తుంది. పెద్ద మెయిన్ జెట్టు పనిచేసేది యాక్సిలరేటరు బాగా తెరిచినప్పుడు. అంటే కాలు విరిగితే చేతికి కట్టు కట్టినట్టుండేది.

గ్రీజు మెత్తినా అరుపు తగ్గకపోతే క్రాంకు చివర ఆయిల్ సీలును అనుమానించవలసి వచ్చేది. ఇంజను ద్వారాలన్నీ మూసి, చదరపు అంగుళానికి 5, 6 పౌన్ల గాలి పెట్టి, అది నిలుస్తుందో లేదో చూడాలి. అది ఇంటి పెరట్లో తేలే పని కాదు.

గ్రీజు పరీక్షకే గాని ప్రయాణానికి పనికిరాదు. కొత్త జాయింటు వచ్చేదాకా బండి మా వసారాలోనే వున్నది. బిగించాక ఎడమ ప్లగ్గుకూడా పప్పు పొట్టు రంగుకు తిరిగింది. కుడివైపు రబ్బరునుకూడా మార్పించాను. పగుళ్లు కనబడకపోయినా దానికీ అంతే వయస్సు గదా.