తీరిక వేళ: ఇంటి తొట్టెలో సముద్ర నక్షత్రం

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం సాయంత్రం భీమునిపట్నం తీరంలో మా అమ్మాయికి ప్రాణమున్న నక్షత్ర చేప ఒకటి దొరికింది. వద్దన్నా వినక ఇంటికి తెచ్చింది. కుళాయి నీటిలో వంటింటి ఉప్పు కలిపి, గాజు తొట్టెలో దానిని విడిచిపెట్టాము. తెల్లవారేసరికి దాని భుజాలు వాడి వ్రేలాడుతున్నాయి. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. "నాన్నా, మనమే చంపామా?" అని ఆ పసిది అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. సోదర ఉద్యోగుల పిల్లలకు అటువంటి అనుభవం కలుగరాదన్న తలంపుతోనే ఈ మాసపు శీర్షికకు ఈ విషయాన్ని ఎన్నుకున్నాను.

పేరులో చేప ఉన్నా ఇది చేప కాదు. సముద్రపు ముళ్ళకాయలు, సముద్ర దోసకాయలు మున్నగు వాటితో కలిసి కంటకచర్మ జీవుల వర్గానికి చెందినది. దీనికి రక్తప్రసరణ లేదనే చెప్పవచ్చు. వీపుపైనున్న జల్లెడ వంటి చిన్న పలక ద్వారా లోనికి ప్రవేశించే సముద్రజలమే నాళాలలో ప్రవహించి, అడుగునున్న వందలాది నాళికా పాదాలను కదిలిస్తుంది. వెలుపలి నీటిలో ఉప్పు పాలు మారితే దేహంలోని ద్రవం కూడా మారిపోతుంది. దానిని అదుపు చేసుకొనే శక్తి ఈ జీవికి లేదు. మా తొట్టెలో జరిగిన అనర్థానికి ముఖ్య కారణం ఇదే. పైగా కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. వంటింటి ఉప్పులో సముద్రజలానికి కావలసిన మెగ్నీషియం, కాల్షియం తగినంతగా ఉండవు.

కనుక అక్వేరియం కొరకు తయారుచేసిన సముద్రపు ఉప్పునే, శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. హైడ్రోమీటరుతో చూచినపుడు సాపేక్ష సాంద్రత 1.023 - 1.025 మధ్య ఉండాలి. తొట్టె కనీసం 200 లీటర్లదైనా కావాలి. చిన్న తొట్టెలో నీటి గుణం త్వరగా చెడుతుంది. నీరు నింపిన వెంటనే జీవులను విడువరాదు. వ్యర్థాల నుండి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగాను, ఆపై నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడటానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. నక్షత్ర చేపకైతే ఆరు నెలలైనా నిలకడగా నడచిన తొట్టె మేలు.

తెచ్చిన జీవిని దాని నీటితోనే ఒక గిన్నెలో ఉంచి, సన్నని గొట్టం ద్వారా తొట్టె నీటిని చుక్కచుక్కగా రెండు మూడు గంటలసేపు అందులో కలపాలి. ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చునపుడు గాలికి చూపరాదు.

మన ప్రాంతపు వేసవి మరొక పరీక్ష. నీరు 24 - 26 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలవాలి. నీటిపై చిన్న ఫ్యాను తిప్పితే కొంత చల్లబడుతుంది, కానీ నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పు ఆవిరి కాదు గనుక, తరిగినంత మేరకు శుద్ధమైన మంచినీటినే చేర్చాలి. కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఆదుకుంటుంది. చేపల జబ్బులకు వాడే రాగి మందులు నక్షత్ర చేపలకు విషమని మరువరాదు.

ఆహారం విషయంలో జాతిభేదం ఉన్నది. హిందూ మహాసముద్రంలో లభించే ఎర్రబుడిపెల నక్షత్రం మాంసాహారి. వారానికి రెండు మూడు మార్లు రొయ్య లేదా ఆలుచిప్ప మాంసపు ముక్కను దాని అడుగున పెట్టి, మిగిలినది తీసివేయాలి. కంటికి ఇంపైన నీలి నక్షత్రం మాత్రం రాళ్ళపై పేరుకొనే సన్నని జీవపొరను మేస్తుంది. తొట్టెలో అది చాలక నెలల తరబడి కృశించి మరణించడమే ఎక్కువ. క్రొత్తవారు దాని జోలికి పోకుండుటే ఉత్తమం.

తొట్టె అలంకరణకు పగడాలను తేవాలని కొందరికి కోరిక కలుగవచ్చు. 2001 నుండి పగడపు జాతులకు, సముద్ర దోసకాయలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ ఉన్నది. వాటిని సేకరించడం నేరం. రంధ్రాలుగల సిరామిక్ రాళ్ళు చాలు.

ఇంత శ్రద్ధకు తీరిక లేనివారు బాధపడనక్కరలేదు. తీరాన కనిపించిన నక్షత్రాన్ని కంటినిండా చూచి, తడి చేతులతో మెల్లగా నీటిలో విడువవచ్చు. మా అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది అదే. ఆనాటి ఆమె ప్రశ్నకు ఇన్నాళ్ళకు నేను చెప్పగలిగిన సమాధానం ఇది: అవునమ్మా, తెలియక చంపాము, తెలిసిన తరువాత మాత్రం అలా జరుగనివ్వము.