విరామ చిహ్నముల గతి

తెలుగు తాళపత్ర గ్రంథములలో కామా లేదు, ప్రశ్నార్థకము లేదు. ఒంటి గీత, జంట గీత, ఇంతటితో లేఖకుని పని నడచినది. తక్కిన గుర్తులు అచ్చు యంత్రము వెంట వచ్చినవి.

నేడవి కంప్యూటరు మీటలపైకి చేరినవి. చేరినవనుటకన్న ఇరుకున పడినవనుట న్యాయము. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ మీటల పలకలో ఏటవాలు గీత యుండవలసిన చోట ‘య’, సెమికోలను చోట ‘చ’, ఉల్లేఖన చిహ్నము చోట ‘ట’ కూర్చుండినవి. ఆ గుర్తు కావలసినవాడు మరల ఇంగ్లీషు పలకకు పోయి రావలెను. తొందరలోనున్నవాడు పోడు, గుర్తునే విడిచిపెట్టును.

ఇది పండితుల చిక్కు గదా యని తోచవచ్చును. నల్లగొండ జిల్లా మర్రిగూడ రైతు నడిగిన తెలియును. నలుబది గుంటలు ఒక ఎకరము. రెండెకరముల యిరువది గుంటలను 2.20 అని వ్రాయుట వాడుక. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరమునకు గుంటకు నడుమ గట్టు. లెక్కల పట్టికలో దానిని కొట్టినచో యంత్రము దశాంశముగా గ్రహించి, చివరి సున్న నిరర్థకమని తుడిచి, 2.2 చేయును. చదువువాడు దానిని రెండెకరముల రెండు గుంటలనుకొన్నచో పదునెనిమిది గుంటలు కాగితముమీదనే మాయము! 1.30, 1.20 కూడినచో రైతు లెక్కకు 3.10 రావలెను, యంత్రము 2.5 చూపును. పోనీ, చుక్కకు బదులు అడ్డగీత వేసి 2-10 అని కొట్టినచో యంత్రము దానిని తేదీగా భావించును. రైతు భూమి అక్టోబరు 2 అగును. గాంధీ జయంతికి పట్టా యెవరిత్తురు? సర్వే నెంబరులోని ఏటవాలు గీతకును ఇదే గతి. 12/5 మే నెల 12 అగును.

ఆ మండలమునకు మరియొక చుక్కతోను పనియున్నది. ఫ్లోరైడు బాధ నెరిగిన ఊళ్లవి. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. నివేదికలో చుక్క జారినచో అది 15.

కంటికి కనబడని గుర్తును కలదు. ‘చౌటుప్పల్‌కు’ అని వ్రాయుటకు పొల్లును తరువాతి అక్షరముతో కలియనీయని చిహ్నము కావలెను. అది లేనిచో ‘చౌటుప్పల్కు’ అని ముద్దయగును. యూనికోడులో దానికి స్థానమున్నను సాధారణపు మీటలపై పేరుండదు. శ్లోకములు అచ్చువేయువారికి నిత్యావసరమైన అవగ్రహము తెలుగు యూనికోడులో 2008లో గాని చేరలేదు.

ఎకరములకొక గడి, గుంటలకు వేరొక గడి పెట్టుట కష్టము కాదు. సర్వే నెంబరు గడిని అక్షరములుగా గ్రహింపుమని యంత్రమునకు ముందే చెప్పవచ్చును. టైపు పరీక్షలో తప్పిన అక్షరమునకు మార్కులు తగ్గించువారు తప్పిన చుక్కకును తగ్గించవలెను. అంతవరకు, దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు రైతు తన ఎకరముల వెనుకనున్న గుంటలను ఒకసారి బిగ్గరగా చదివించుకొనుట మేలు.