డిష్ ఎండలో పెట్టండి, బండి నీడలో ఉండనీయండి

మా ఇంట్లో నెల రోజుల సంది ఒక్కటే పంచాయితీ. మేడారం పోయే డీసీఎంకు ఏ డిష్ పెట్టించాలి?

ఈసారి జాతర 2026 జనవరి 28 నుంచి 31 వరకు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం సమ్మక్క చిలకలగుట్ట దిగుతుంది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ఇది మనకు తెలిసిన లెక్క. మా ఇంటి మగవాళ్లకు ఇంకో లెక్క ఉంది. న్యూజిలాండ్‌తో టీ20 మ్యాచ్‌లు కూడా 28న ఒకటి, 31న ఒకటి పడ్డాయి. ఇంక వాళ్లకు నిద్ర పడుతుందా?

ముందే ఒక మాట చెప్తున్నా. నాకు టీవీ మీద కోపం లేదు. రాత్రి ఎనిమిదింటికి నా సీరియల్ నేను చూస్తాను, ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. "అమ్మవార్ల దగ్గరికి పోయి టీవీ ఏందిరా" అని మా అత్తమ్మ అంటుంది. ఆ మాట కూడా నేను అనను. నాలుగు రోజులు చెట్ల కింద ఉంటాం, రాత్రి పూట కాసేపు అందరూ కూర్చుని చూస్తే తప్పేం లేదు. నా కొట్లాట వేరే. ఆ డిష్ కోసం ఎవరి నీడ పోతుంది, ఎవరి పైసలు పోతాయి అన్నదే నా కొట్లాట.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్తాను. మా బావగారి కొడుకు అమెరికాలో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఆర్‌వీ అని పెద్ద బండి కిరాయికి తీసుకుని పెళ్లాం పిల్లలతో ఎల్లోస్టోన్ చూసొచ్చాడు. వీడియో పంపిస్తే ఇంటిల్లిపాదీ చూశాం. బండిలో మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, తలుపు వేసుకునే మరుగుదొడ్డి, స్నానానికి షవరు. బండి పైన తెల్లటి టోపీ లాంటిది ఒకటి. దాని లోపల డిష్ ఉందట, బండి ఆపి బటన్ నొక్కితే అదే తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుందట.

అదే వీడియోను నేనూ మా యారాలూ చూశాం, మా ఆయనా మా మరిదీ చూశారు. మా ఇద్దరికీ మరుగుదొడ్డి కనబడింది. వాళ్లిద్దరికీ పైన ఉన్న టోపీ కనబడింది!

వారం తిరగకముందే పత్తి, మిర్చి బస్తాలు మోసే మా డీసీఎంకు పైన టార్పాలిన్, లోపల పరుపులు, పక్కకు టీవీ పెట్టే స్టాండు వచ్చాయి. "వదినా, మనది గూడ ఆర్‌వీ అయింది" అన్నాడు మా మరిది. మరి మరుగుదొడ్డి ఏది అంటే నవ్వాడు.

మొదటిసారి ఆ బండిని మొన్న మే నెలలో కాళేశ్వరం తీసుకుపోయాం, సరస్వతీ పుష్కరాలకు. స్లాబు మీద ఉన్న డిష్‌ను ఊడదీసి బండి పైన బోల్టులతో బిగించారు. స్నానాలు అయినాక మంచి వేపచెట్టు దొరికింది. దాని కింద బండి ఆపి, నేనూ యారాలూ పొయ్యి పెట్టుకున్నాం, అన్నం ఎసరు కూడా పెట్టినం. పైనుంచి మరిది, "సిగ్నల్ వస్తలేదు, చెట్టు అడ్డమొస్తుంది, బండి బయటికి తియ్యాలె" అన్నాడు. ఆ సాయంత్రం ఐపీఎల్‌లో హైదరాబాద్ మ్యాచ్ ఉంది మరి.

పొయ్యి తీశాం. బండి ఎండలోకి పోయింది. వేపచెట్టు కిందికి వేరేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇంక చూడండి, ఒకడు పైన డిష్ తిప్పుడు, ఒకడు లోపల టీవీ చూసుడు. "వచ్చిందా?" "రాలె." "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది, పోయింది." రెండు గంటలు ఇదే. మా అత్తమ్మకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. టార్పాలిన్ కింద ఆ ఉక్కకు తట్టుకోలేక కళ్లు తిరిగి కూలబడింది. ఓఆర్ఎస్ కలిపి తాగించి, తడిబట్టతో తుడిచి, పక్కోళ్ల పందిట్లో పడుకోబెట్టాం. మ్యాచ్ మాత్రం టైముకు వచ్చింది. తెల్లారి చూస్తే బండి స్టార్ట్ కాలేదు, రాత్రంతా టీవీ నడిచింది బండి బ్యాటరీ మీదనే.

ఆ రోజు నేనేమీ అనలేదు. ఇంటికొచ్చాక డిష్‌ల సంగతి నేను కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాను. మనకు తెలియనంతసేపే "నీకేం తెలుసు" అంటారు. తెలుసుకుంటే వాళ్ల నోరే మూతపడుతుంది. మీకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

డిష్‌కు బొమ్మ పంపే ఉపగ్రహం భూమధ్యరేఖ పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన కంటికి అది ఆకాశంలో ఒక్కచోటనే నిలబడి ఉన్నట్టు లెక్క. ఒక్కో కంపెనీది ఒక్కో చోట. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్‌కు వాడే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. మన మొగుళ్లపల్లి నుంచి చూస్తే అది ఆగ్నేయం వైపు, 60 డిగ్రీల కంటే కొంచెం పైన. అంటే ఆగ్నేయానికి తిరిగి చెయ్యి చాపి, నేలకూ నడినెత్తికీ మధ్య మూడింట రెండు వంతులు పైకి లేపండి, అక్కడ. మేడారంలో కూడా ఇదే లెక్క, పెద్ద తేడా ఉండదు. డిష్ ముఖం చూస్తే ఎదురింటి గోడను చూస్తున్నట్టు ఉంటుంది గానీ అది చూసేది పైకి. ఆ దారిలో కొమ్మ ఉంటే బొమ్మ రాదు. రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగినా బొమ్మ పోతుంది. అందుకే మామూలు డిష్‌తో నడిచే బండిలో టీవీ చూడలేం, ఎవరు ఎంత చెప్పినా నమ్మకండి.

ఇంక బండికి డిష్ పెట్టడంలో మూడు దారులు ఉన్నాయి.

మొదటిది నడుస్తుంటే కూడా ఉపగ్రహాన్ని వెంబడించే డిష్. దాని లోపల మోటార్లు ఉంటాయి, ధర లక్ష దాటుతుంది. మా మరిది మనసు దీని మీదనే. రెండేళ్లకు ఒకసారి వచ్చే జాతరకు, పైగా ట్రాఫిక్‌లో మ్యాచ్ చూడటానికి లక్ష రూపాయలా? మిర్చి ఏరే కూలీలకు ఇచ్చే పైసల దగ్గర మాత్రం పది రూపాయలు గీసి గీసి చూస్తారు.

రెండోది బండి పైన బిగించేది. కాళేశ్వరంలో మేం అనుభవించింది ఇదే. చూడటానికి బాగుంటుంది, రోడ్డు మీద పోతుంటే నలుగురు చూస్తారు. కానీ డిష్‌కు ఎండ తగిలే చోటు కావాలి, మనిషికి నీడ కావాలి. డిష్‌ను బండికి బిగించామంటే బండి కూడా ఎండలోనే ఉండాలి. బండి ఎండలో ఉంటే అందులో ఉండేదెవరు? ముసలమ్మ, చంటిపిల్ల, వంట చేసే ఆడవాళ్లు. మగవాళ్లు మధ్యాహ్నమంతా ఏదో ఒక చెట్టు కింద పేకాటలో ఉంటారు, సాయంత్రం చల్లబడ్డాక టీవీ ముందుకు వస్తారు. అందుకే పైన బిగించే డిష్‌కు నేను ఒప్పుకోను. ఇది డిష్‌లో లోపం కాదు, దాన్ని ఎంచుకునే మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఆ లోపం.

మూడోది నేల మీద స్టాండు. మూడు కాళ్ల ఇనుప స్టాండుకు రెండు అడుగుల వెడల్పు ఉండే మామూలు డిష్ బిగించి, 15 మీటర్ల వైరు పెట్టుకుంటే చాలు. బండి చెట్టు నీడలో ఉంటుంది, డిష్ దూరంగా ఎండలో ఉంటుంది. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచులు పెట్టాలి, గాలికి కదలకుండా. వైరుకు ఎర్రగుడ్డ పేలికలు కట్టాలి, పిల్లలు తట్టుకుని పడకుండా. దిక్కు చూడటానికి ఫోన్‌లో దిక్సూచి ఉంది, సిగ్నల్ ఎంత వస్తుందో సెట్‌టాప్ బాక్సే తెర మీద చూపిస్తుంది. అరగంటలో కుదురుతుంది. పరకాలలో అడిగొచ్చాను, స్టాండు, డిష్, వైరు అన్నీ కలిపి మూడు వేల లోపే చెప్పారు.

బాక్సు సంగతి. ఇంట్లో డబ్బు కడుతున్న బాక్సునే ఊడదీసి తీసుకుపోవచ్చు, డిష్‌ను మాత్రం ఆ కంపెనీ ఉపగ్రహం వైపే తిప్పాలి. నెల నెలా కట్టుడు వద్దనుకుంటే ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది ఇదే. డీడీ యాదగిరి వస్తుంది. మన సీరియళ్లన్నీ అందులో రావు, ఆ నష్టం మనదే. కానీ మగవాళ్లు మ్యాచ్ కోసమే పెద్ద ప్యాకేజీ కావాలంటే మాత్రం ఊరుకోకండి. ముఖ్యమైన ఆటల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. మన జట్టు ఆడే టీ20లు అందులోకి వస్తాయి, అందుకే అవి ఫ్రీ డిష్‌లో డీడీ స్పోర్ట్స్ మీద వస్తాయి. ఈ మాట చెప్పినప్పుడు మా ఆయన ముఖం చూడాల్సింది.

కరెంటుకు బండి బ్యాటరీని ముట్టుకోవద్దు. వేరే బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్ కావాలి. 100 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంతకంటే ఎక్కువ దించితే తొందరగా పాడైపోతుంది. టీవీకి 50 వాట్లు, బాక్సుకు 15 అనుకుంటే సుమారు ఎనిమిది గంటలు వస్తుంది. కానీ ఆ ఎనిమిది గంటలూ టీవీవి కావు. వంట దగ్గర రెండు బల్బులు, అత్తమ్మ దగ్గర చిన్న ఫ్యాను, అందరి ఫోన్లు. ముందు అవి, మిగిలింది టీవీకి. ఫోన్‌లోనే చూసుకోవచ్చు కదా అంటారా? అన్ని లక్షల మంది ఒక్కచోట ఉన్నప్పుడు అక్కడ ఫోన్ మాట్లాడటమే కష్టం.

ఇప్పుడు అసలు మాట. 2024 ఫిబ్రవరి జాతరకు పోయినప్పుడు పస్రా దాటినాక ఐదు గంటలు బండి కదలలేదు. ముందు బండ్లు, వెనక బండ్లు, రెండు పక్కలా మనుషులు. మగవాళ్లు దిగి చెట్టు చాటుకు పోయి వచ్చారు. మేము ఎక్కడికి పోవాలి? దారిలో ఇబ్బంది అవుతుందని నేను పొద్దుటి నుంచి నీళ్లే తాగలేదు. యారాలూ తాగలేదు. ఈ సంగతి మేం ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా, ఇద్దరికీ అలవాటే. ఇంటికొచ్చిన మూడో రోజు నాకు చలిజ్వరం, మూత్రంలో మంట. వారం రోజులు మందులు మింగాను. నీళ్లు తాగకుండా ఆపుకుంటే ఇంతేనమ్మా అన్నది డాక్టరమ్మ.

జాతర దగ్గర తాత్కాలిక మరుగుదొడ్లు కడతారు, కాదనను. దారిలో జామ్ అయిన చోట ఎవరు కడతారు? నిలబెడితే గుడారం లాగా విచ్చుకునే చిన్న డేరా, మడత పెట్టే కమోడ్ కుర్చీ, కింద మూత ఉన్న బకెట్, కొంచెం సున్నం లేదా బూడిద. రెండూ కలిపి నాలుగు వేలు కావు. బండిలో ఒక మూలకు పర్దా కట్టి పెట్టుకోవచ్చు, దిగినాక బయట డేరా వేసుకోవచ్చు. ఇది మా పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఎవరికీ తట్టలేదు. డిష్ మాత్రం ఒక్క వీడియోకే తట్టింది.

"మీరు అడగలేదు కదా" అన్నాడు మా ఆయన. నిజమే, అడగలేదు. ఆ మాట ఇంట్లో పదిమంది ముందు నోట్లోంచి రాదు. మనం సిగ్గుపడి ఊరుకున్నాం గనుక వాళ్లకు అవసరం లేదనే అనిపించింది. అందుకే ఇక్కడ ఇంత బాహాటంగా రాస్తున్నాను. మీరు కూడా అడగండి, నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

నేను అదే చేశాను. వరుసగా రాశాను. ఒకటి, డేరా, కమోడ్ కుర్చీ. రెండు, వేరే బ్యాటరీ, ఇన్వర్టర్. మూడు, నేల మీద స్టాండు, డిష్, ఫ్రీ డిష్ బాక్సు. మొదటిది ఇంటికి వచ్చినాకనే మూడోది కొనాలి. కింద ఇంకో ముక్క. బండి ఎక్కడ ఆపాలో వంట చేసేవాళ్లు చెప్తారు.

మా మరిది చదివి, "వదినా, గిట్లయితే ఆర్‌వీ అని ఎవలంటరు, పైన ఏం కనవడదు" అన్నాడు. మా అత్తమ్మ మంచం మీద నుంచే, "నాకు గా కుర్చీ తెప్పియ్యిరా ముందు" అన్నది. దేవుని దగ్గర టీవీ ఏందన్న అత్తమ్మే, ఆ తర్వాత మెల్లగా నన్ను పిలిచి, గద్దె మీదికి అమ్మలు వచ్చేది టీవీలో దగ్గరగా కనబడుతుందా అని అడిగింది. ఆ జనంలోకి ఆమె ఇక నడవలేదు. కనబడుతుంది అత్తమ్మా అన్నాను.

కుర్చీ నిన్ననే వచ్చింది. స్టాండు కోసం ఈ ఆదివారం పరకాల పోతారట. జాతర నుంచి వచ్చాక బండి ఏ చెట్టు కింద ఆగిందో రాస్తాను.