బాయి మాట, బడి మాట

“నాయిన బాయికి పోయిండు.” గోదావరిఖనిలో ఇంటికొచ్చిన వాళ్లకు పిల్లలు చెప్పే జవాబు ఇది. ఈ బాయిలో నీళ్లుండవు, బొగ్గుంటుంది. భూమిలోకి దిగే చోటు కనుక గనిని మనవాళ్లు బాయి అన్నారు. అక్కడ పడే హాజిరు అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది. పని చూపే సర్దార్ ఫారసీ. బొగ్గు నరికే మల్కట్ట హిందీ మాట్లాడే ప్రాంతాల గనుల నుంచి వచ్చాడు. ఇంక్లైను, టబ్బు, షిఫ్టు ఇంగ్లీషువి. వీటన్నిటినీ వెంటబెట్టుకుని నడిచేది మాత్రం తెలుగు క్రియ. ఎనిమిదో నంబరు ఇంక్లైను పేరు మీద వెలిసిన కాలనీ యైటింక్లైన్ కాలనీ అయింది. ఏబీసీడీలు రాని అవ్వ కూడా ఆ పేరు తడబడకుండా పలుకుతుంది.

ఈ పట్నం పుట్టుకే అలాంటిది. 1960లలో గనులు తెరుచుకున్నాక చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి జనం కదిలి వచ్చారు. 1978లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. వాటితో పాటు ఎక్కడెక్కడి రాష్ట్రాల కుటుంబాలో క్వార్టర్లలోకి దిగాయి. సాయంత్రం మైదానంలో కలిసిన పిల్లలు ఎవరూ పాఠం చెప్పకుండానే పక్కింటి భాష పట్టుకున్నారు. బంతి అడగడానికి ఒక భాష, పంచాయితీ తెంపుకోవడానికి ఇంకో భాష. నాలుగేళ్ల పిల్లకు ఇది బరువని ఎవరూ అనుకోలేదు. పిల్లా అనుకోలేదు.

బరువు బడిలో మొదలవుతుంది. నేను ఒకటో తరగతిలో “మా నాయిన అచ్చిండు” అన్నాను. “వచ్చాడు అనాలి” అన్నారు పంతులు. తరగతి గొల్లున నవ్వింది. ఆ పంతులు చెడ్డవాడు కాదు. పలకకు డబ్బులు లేకపోతే తన జేబులోంచి ఇచ్చిన మనిషి. కానీ ఆ ఏడంతా నేను బడిలో నోరు తెరవలేదు. నాకు ఆనాడు ఎదురైంది రెండో భాష. దానికీ తెలుగనే పేరుండడంతో అది నాకు కొత్తదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ‘నువ్వు అచ్చిండు అంటావు, పుస్తకం వచ్చాడు అంటుంది, రెండూ మనవే’ అని ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఆరేళ్లకే రెండు తెలుగులు దక్కేవి. ఇవాళ నర్సరీలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినపడకూడదనే బడులను చూస్తే, ఆ నవ్వే నాకు మళ్లీ వినపడుతుంది.

చిన్నతనంలోనే పలు భాషలు నేర్పడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే మెదడు చురుకెక్కుతుందన్న వాదన మీద మాత్రం పెద్దగా ఆధారపడను. రెండు భాషలు పిల్లల్ని గందరగోళపరుస్తాయన్న పాత నమ్మకాన్ని 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన పరిశోధన కదిలించింది. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పదేళ్ల పిల్లలు ఒకే భాష వచ్చిన వాళ్లకంటే పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. ఆ మెరుగు ఎంత, అది అందరికీ వర్తిస్తుందా అన్న తర్కం పండితుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1970ల చివర్లో చెప్పిన సంగతి. ఒక భాషలో పట్టుబడిన చదువు రెండో భాషలోకి నడిచి వస్తుంది. గీతకు శబ్దం ఉంటుందని, శబ్దాలు కలిస్తే మాట అవుతుందని పిల్ల ఒక్కసారి తెలుసుకుంటే చాలు. ఆ ఒక్కసారి ఇంటి భాషలో జరిగితే తెలుసుకున్న దాని రుచి కూడా తెలుస్తుంది. అర్థంకాని భాషలో జరిగితే అది వట్టి వల్లెవేత.

దీనికి సాక్ష్యం గోదావరి అవతలే ఉంది. 1940లో కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులు చూడడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో ఆయన పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. పై చదువు ప్రధానంగా ఉర్దూలో సాగిన రాజ్యంలో, అడవి మధ్య ఒక బడి పిల్లల నోటి మాటతో అక్షరం మొదలుపెట్టింది! అరవై ఏళ్ల తర్వాత, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక చదువుకు పుస్తకాలు చేయించింది. పిల్ల తన భాషలో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి రావాలన్నది ఆ పథకం. దాన్ని బలంగా నిలబెట్టుకోలేకపోయాం. అది నా మనసుకు ముల్లులా గుచ్చుకునే సంగతి.

భాషలు ఎక్కువైతే సొంత భాష పలచబడుతుందని భయపడేవాళ్లకు తెలుగు కవి కాళోజీని చూపిస్తాను. తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంకా దగ్గరి మనిషి కావాలంటే మన పక్కనున్న మంథనికి 1957 నుంచి 1977 దాకా శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు. విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలను హిందీలోకి తీసుకెళ్లింది, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితంగా తెలుగులోకి తెచ్చింది ఆయనే. అవతలి ఇంటి తలుపు తెలిసిన వాడే ఇవతలి వస్తువును అక్కడ చేర్చగలడు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. నాకు ఈ పుస్తకం నచ్చింది. బాయి పని చేసే తండ్రి రాత్రి తెలుగు పేజీ చదివి బిడ్డకు కథ చెప్పగలడు, పొద్దున బిడ్డ ఎదురు పేజీలో అదే కథను గుర్తుపట్టగలదు. కాకపోతే టీచరు రెండు పేజీలూ తెరవాలి. తెలుగు పేజీని దాటేసి పోతే సగం పుస్తకం వృథా.

తెలిసిన భాష కూడా పక్కన ఉండాలన్న సంగతిని గనుల చట్టం 1952లోనే గ్రహించింది. చట్టం సారాంశాన్ని, నిబంధనలను గని దగ్గర ఇంగ్లీషుతో పాటు, నిర్ణయించిన ఇతర భాషల్లోనూ అంటించి పెట్టాలంది. బండ కూలే చోట పనిచేసే మనిషికి తెలిసిన మాటలో చెప్పాలన్న ఇంగితం అది. మూడేళ్ల పిల్లను కొత్త గదిలో ఒంటరిగా వదిలినప్పుడు ఆ ఇంగితం మనకెందుకు గుర్తుకు రాదు?

ఇటుక బట్టీల పిల్లల విషయంలో అది కొంత గుర్తుకొచ్చింది. పెద్దపల్లి చుట్టూ ఉన్న బట్టీలకు ఏటా పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, వానలకు ముందు తిరిగిపోతాయి. పని దగ్గరే బడి పెట్టి, ఒడియా వచ్చిన టీచర్లతో ఒడియా పుస్తకాలు చెప్పించిన సందర్భాలున్నాయి. ఊరికి తిరిగి వెళ్లాక చదువు తెగిపోకూడదంటే అదే దారి. నేను ఇంకో అడుగు అడుగుతున్నాను. వచ్చే సీజనుకు బట్టీలు రాజుకునే నాటికి ఒడియాలో కథ చెప్పగల ఆయమ్మ, తెలుగు దిద్దించే టీచరు ఒకే గదిలో ఉండాలి. పక్క ఊరి అంగన్వాడీ పిల్లలను కూడా వారానికి రెండు పూటలు ఆ గదిలో కూర్చోబెట్టాలి. పుస్తకం కొత్తగా రాయనక్కర లేదు. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన చందమామ ఒడియాలో జహ్నమాము పేరుతో వచ్చింది. ఆకాశంలో ఉన్నవాడు రెండు భాషల పిల్లలకూ మామే.