కుంచె చేరవేసే శాస్త్రం

కళ హృదయానికి, శాస్త్రం మేధస్సుకు సంబంధించినవని, వాటి దారులు వేరని చాలామంది భావిస్తారు. జీవశాస్త్ర చరిత్రను పరిశీలిస్తే ఈ విభజన ఎంత కృత్రిమమైనదో బోధపడుతుంది. పదాలు చేరలేని చోటికి చిత్రం చేరుతుంది. అక్షరం రానివారికీ అది అర్థమవుతుంది.

కీటకాలు బురద నుంచి పుడతాయని అనేకులు నమ్మిన కాలంలో మరియా సిబిల్లా మేరియన్ అనే జర్మన్ చిత్రకారిణి గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక దశలను అవి బ్రతికే మొక్కతో సహా చిత్రించింది. 1699లో ఆమె దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు వెళ్ళి, అక్కడి కీటకాలను స్వయంగా పరిశీలించింది. 1705లో వెలువడిన ఆమె గ్రంథం చూపరులకు సౌందర్యంతో పాటు సత్యాన్నీ అందించింది.

ఈ చరిత్రలో తెలుగునేలకూ స్థానముంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. ఆ చిత్రకారుల్లో చాలామంది పేర్లు చరిత్రకెక్కకపోవడం విచారకరం. విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ 1796లో పాములపై సచిత్ర గ్రంథం ప్రకటించాడు. విషసర్పాలను గుర్తించడానికి తోడ్పడటం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. నేడు రక్తపింజర అని పిలిచే పామును ఆయన 'కాటుక రేకుల పొడ' అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. కట్లపాముల ప్రజాతి నామమైన 'బంగారస్' కూడా తెలుగులోని 'బంగారు' నుంచి పుట్టినదే.

ఆ అవసరం నేటికీ తీరలేదు. 2000-2019 మధ్య భారతదేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు గ్రామీణులు. విషసర్పాల స్పష్టమైన చిత్రాలు, స్థానిక నామాలు, కాటు పడగానే ఆసుపత్రికి చేరాలన్న సూచన ప్రతి పల్లె గోడమీదా ఉంటే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయి. శాస్త్రజ్ఞానం గ్రంథాలయంలోనే ఉండిపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు.

అయితే చిత్రానికున్న శక్తి ప్రమాదకరం కూడా కావచ్చు. 1874లో ఎర్నెస్ట్ హెకెల్ ప్రకటించిన పిండదశల చిత్రాలు వివిధ జంతువుల మధ్య పోలికలను ఉన్నదానికన్నా ఎక్కువచేసి చూపాయని సమకాలీన శాస్త్రవేత్తలే ఆక్షేపించారు. 2020లో ప్రపంచమంతటా కనిపించిన కరోనా వైరస్ చిత్రంలోని బూడిదరంగు గోళం, ఎర్రని ముళ్ళు చిత్రకారులు ఎంచుకున్న రంగులే. కాంతి తరంగదైర్ఘ్యంకన్నా చిన్నదైన వైరస్‌కు మన కంటికి తెలిసే రంగు ఉండదు. అలా రంగులద్దడం తప్పు కాదు. కనిపించని శత్రువుకు ఆ చిత్రం రూపమిచ్చింది. కాని ఏది పరిశీలన, ఏది కల్పన అన్నది చూపరికి చెప్పడం ధర్మం.

ఈ వివేకం కళాశాలలోనే అలవడాలి. రికార్డు పుస్తకంలో పాఠ్యగ్రంథపు బొమ్మను యథాతథంగా దించే విద్యార్థికి మార్కులు రావచ్చు, చూపు మాత్రం అలవడదు. నిజమైన ఆకును ముందుంచుకొని గీసినవాడు దాని ఈనెలను, అంచులను, పురుగు తిన్న చోటును కూడా గమనిస్తాడు. గీయడమంటే శ్రద్ధగా చూడటమే. శాస్త్రానికి పునాదీ అదే. చూసినదాన్ని నిజాయితీగా నలుగురికీ చూపగలిగిననాడు ఆ విద్య సార్థకమవుతుంది.