రిఫరెన్సులు లెక్కపెట్టే ఉపకులపతి గారికి

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

జర్నలిజం పీజీ ప్రాజెక్టుల గురించి మీ కార్యాలయం పంపిన సర్క్యులర్ అందింది. ప్రతి ప్రాజెక్టుకూ కనీసం 30 రిఫరెన్సులు ఉండాలన్నారు. అన్నీ ఇంగ్లిష్ పరిశోధన పత్రికల్లోవే కావాలన్నారు. వార్తా కథనాలు, ఇంటర్వ్యూలు లెక్కలోకి రావన్నారు. ఇది జర్నలిజం శాఖకు రాసిందేనా అండీ?

మా దగ్గర ఒకమ్మాయి గోలకొండ పత్రిక సంపాదకీయాల మీద పనిచేస్తోంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన ఆ పత్రిక పాత సంచికలే ఆమెకు మూలం. మీ లెక్కలో అవి ఆధారాలు కావు. వాటి గురించి ఎవరో ఇంగ్లిష్‌లో రాసిన నాలుగు వాక్యాలు మాత్రం ఆధారమే! అసలు పత్రిక చదివిన పిల్ల ఆ సంగతి దాచిపెట్టి, చదవని వ్యాసం పేరు రాసుకోవాలా?

పరిశోధన పత్రికలో అచ్చయితే చాలు, నిజమైపోతుందా? ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో వైద్య పరిశోధన పత్రిక లాన్సెట్‌లోనే వచ్చింది. దాన్ని పూర్తిగా ఉపసంహరించుకోవడానికి ఆ పత్రికకు 2010 దాకా పట్టింది. అందులోని మోసాన్ని తవ్వి తీసింది బ్రయన్ డీర్ అనే విలేకరి, సండే టైమ్స్ కథనాల్లో. ఆ రోజుల్లో మీ సర్క్యులర్ ఉండి ఉంటే వేక్‌ఫీల్డ్ చెల్లేవాడు, డీర్ చెల్లేవాడు కాదు.

ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి డబ్బుతో రాశారు, ఇంకెవరైనా అదే చెబుతున్నారా? క్లాసులో మేం అడగమని నేర్పే ప్రశ్నలివి. సర్క్యులర్‌లో వీటిలో ఒక్కటైనా ఉందా? కామా ఎక్కడ పెట్టాలో, ఏపీఏ రిఫరెన్సు శైలి ఏడో ఎడిషన్ ప్రకారం ఇటాలిక్స్ ఎక్కడుండాలో మాత్రం ఉంది. రిఫరెన్సును ఎవరూ తెరిచి చూడరని పిల్లలకు తెలిసిపోయింది. చాట్‌జీపీటీని అడిగితే లేని వ్యాసాలకు కూడా రచయితను, సంవత్సరాన్ని, పేజీ నంబరును అల్లి ఇస్తుంది. అది అలాగే అల్లిన లేని తీర్పులను చూపించిన లాయర్లకు 2023లో న్యూయార్క్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర మాత్రం 30 నిండితే మార్కులు పడతాయి.

పాత గోడు మీకు తెలియనిది కాదు. లైబ్రరీలో జర్నళ్ల చందాలు ఆగిపోయాయి. తెలుగు పత్రికల బైండ్లు స్టోర్ రూములో చెదలు పడుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో పోలిక 10 శాతం దాటకుండా మాటలు మార్చడమే పరిశోధన అయిపోయింది. ఎన్నిసార్లు విన్నవించినా జవాబు రాలేదు. సర్క్యులర్ మాత్రం వచ్చింది. చందాలే లేని లైబ్రరీలో ఆ 30 వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయి? డబ్బు కట్టి కొనుక్కోమంటారా?

దయచేసి మరోసారి ఆలోచించండి. పాఠం చెప్పేవాళ్లను పిలిచి మాట్లాడండి. రేపు వార్తలు రాయబోయేది ఈ పిల్లలే. చదవనిదాన్ని చదివినట్టు చూపించడం మనమే నేర్పి పంపితే, వాళ్లు రాసే వార్తల్ని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు.

ఇట్లు,
ఒక జర్నలిజం అధ్యాపకుడు